కాందిశీకుల పాట

మా మందస వైపు ‘రంగం’ అంటే రంగూన్. “ఆడు రంగం ఎల్లిపోనాడు” అంటే ఆ ఇంటి మగమనిషి బారువ రేవులోనో కళింగపట్నంలోనో ఓడెక్కి బర్మా వెళ్లాడని అర్థం. నేను పుట్టేనాటికే ఆ రేవులు పాడుబడ్డాయి. మాట మాత్రం పోలేదు. మా నాన్నమ్మ వడ్లు దంచేటప్పుడు పాడిన పాటల్లో రంగం ఒక ఊరిలా ఉండేది కాదు, సవతిలా ఉండేది. మనిషిని పిలుస్తుంది, సొమ్ములు చూపిస్తుంది, ఓ పట్టాన వెనక్కి పంపదు.

ఈ పాటల గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు రాయడానికి కారణం హైదరాబాదు శివార్లలో బాలాపూర్ గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యా స్త్రీలు. బర్మా నుంచి వచ్చిన మన ఆడవాళ్ల పాట ఎలా పోయిందో కాస్త తెలిసినదాన్ని కాబట్టి, వాళ్ల పాట విషయంలో నాకు ఆదుర్దా ఎక్కువైంది.

ముందు రంగం సంగతి చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో బ్రిటిష్‌వాళ్లు ఇరావతి డెల్టా అడవులు కొట్టించి వరిపొలాలు చేయించారు. 1885 యుద్ధంతో బర్మా మొత్తం వాళ్ల చేతికి వచ్చింది. 1937 దాకా దాన్ని ఇండియాలో భాగంగానే పాలించారు. కోతలకీ, బియ్యం మిల్లులకీ, రంగూన్ రేవులో మూటలు మొయ్యడానికీ మనుషులు కావలసివచ్చారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో మేస్త్రీలు ఊరూరూ తిరిగి అడ్వాన్సులిచ్చి ఓడలెక్కించారు. (అప్పుడు మందస గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాలోకి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. ఓడెక్కకుండానే మూడు జిల్లాలు మారిన ఊరు మాది.) అక్కడ తెలుగువాళ్లని గోదావరి దగ్గరి కోరంగి రేవు పేరు మీద ‘కోరంగీలు’ అన్నారు. కోరంగి మొహం చూడని ఉద్దానం మనిషి కూడా బర్మాలో దిగగానే కోరంగీ అయ్యాడు.

1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ జనాభాలో సగానికి పైగా వీళ్లే. అంతకు ముందేడు, 1930 మే నెలలో, రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యాజమాన్యాలు బర్మా కూలీలని దింపాయి. సమ్మె తేలాక వాళ్లని పొమ్మని మళ్లీ మనవాళ్లని పెట్టుకున్నాయి. పొట్టలు కాలినవాళ్లని ఇలా ఒకరి మీదికి ఒకర్ని ఉసిగొల్పితే ఏమవుతుందో అదే అయింది. ఆ అల్లర్లలో వందమందికి పైగా చచ్చిపోయారు, చాలామంది కోరంగీలే.

ఈ వలసల గురించి అడపా సత్యనారాయణ గారి వంటి చరిత్రకారులు శ్రద్ధగా రాశారు. అంతకుముందే, 1941లో, జేమ్స్ బాక్స్‌టర్ అనే అధికారి బర్మాకొచ్చే భారతీయుల మీద ఒక పెద్ద నివేదిక ఇచ్చాడు. ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు, ఏ పనిలో ఎంతమంది అని అందులో లెక్కలుంటాయి. ఓడెక్కినవాళ్లలో అత్యధికులు మగవాళ్లు కావడంతో ఈ చరిత్ర వాళ్ల చరిత్రగానే స్థిరపడింది. మన నాటకాలవాళ్లకి ‘రంగూన్ రౌడీ’ దొరికాడు. ఇక్కడ ఉండిపోయి, అత్తనీ పిల్లల్నీ మేస్త్రీ బాకీనీ మోసిన ఆడమనిషి ఏ నివేదికలోనూ లేదు. ఆమె ఉన్నది దంపుడు పాటలో, తిరగలి పాటలో, ఊడ్పు పాటలో.

ఆ పాటల్లో ఎడబాటు ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. నన్ను ఆశ్చర్యపరిచింది వాటిలోని లెక్కలు. మేస్త్రీకి ఎంత బాకీ, మనియార్డరు ఎన్ని నెలలకి వచ్చింది, అందులో షావుకారు ఎంత పట్టుకున్నాడు, మిగిలిందాంతో ఎన్ని కుంచాల గింజలొచ్చాయి, ఇదంతా దంపుడు లయలో వరసగా వచ్చేస్తుంది. విరహం అని పేరు పెట్టి ఈ పాటల్ని ఒక మూల కూర్చోబెట్టడం నాకు నచ్చదు. ప్రబంధాల్లో నాయిక విరహంలో చందనం పూయించుకుంటుంది. ఉద్దానం ఆడది విరహంలో కుంచాలు కొలుస్తుంది.

మా నాన్నమ్మ ‘ఊర్మిళాదేవి నిద్ర’ కూడా పాడేది. కృష్ణశ్రీ సంకలనం చేసిన స్త్రీల రామాయణపు పాటల వల్ల అచ్చులో అది పెద్ద కులాల స్త్రీల పాటగానే ప్రసిద్ధం. మా ఇంట్లోకి ఏ దారిన వచ్చిందో గానీ వచ్చాక మాదైపోయింది. అడవినుంచి తిరిగొచ్చిన లక్ష్మణుణ్ణి ఊర్మిళ గుర్తుపట్టదు. ఎవడో పరాయి మగవాడు గదిలోకి వచ్చాడని కోప్పడుతుంది. పండితులకి అది ముచ్చటైన కల్పన. రంగం నుంచి మూడేళ్లకి తిరిగొచ్చిన మా తాతని చూసి కన్నబిడ్డలే జడుసుకుని ఏడ్చారని చెప్పుకునే ఇంట్లో అది మామూలు సంగతి.

ఈ పాటల్ని నెత్తిన పెట్టుకుని పూజించాలని మాత్రం నేననను. వాటిలో బర్మా స్త్రీ కనబడ్డచోటల్లా ఆమె మాయలాడి. మగవాణ్ణి మందుపెట్టి కట్టేసుకున్నది. నిజానికి చాలామంది కూలీలకీ చిన్న వ్యాపారులకీ అక్కడ రెండో సంసారాలుండేవి. యుద్ధం వచ్చినప్పుడు అక్కడే వదిలేసి వచ్చిన భార్యలూ పిల్లలూ ఉన్నారు. ఇక్కడి ఆడదాని తిట్టు పాటలో నిలిచింది. తిట్టుతిన్న ఆడది తన భాషలో ఏం పాడుకుందో వినడానికి మన గుమ్మాల్లో ఎవరూ లేరు. ఇద్దర్నీ ఏడిపించిన మేస్త్రీ మీద మాత్రం పాటలు తక్కువ. బాకీ ఉన్నవాణ్ణి తిట్టడం అంత సులువు కాదు మరి.

ఇంకో సంగతి నాకు ఈమధ్యే తట్టింది. మన మగవాళ్లు బర్మాలో మిల్లాడించారు. ఆ మిల్లుబియ్యం అవే ఓడల్లో ఈ తీరానికి వచ్చేది. తర్వాత మిల్లులు ఇక్కడా వచ్చాయి. మిల్లు వచ్చిన ఊళ్లో రోలు మూలపడింది, రోలుతోపాటు దంపుడు పాటా మూలపడింది. రంగం వెళ్లినవాడి మీద ఏ పాటలో దుఃఖపడ్డారో ఆ పాటని వాడు పనిచేసిన యంత్రమే మింగేసింది. పాటకి గొంతొక్కటే చాలదు. దానికో పని కావాలి, పక్కన అందుకునే మనిషి కావాలి. నాన్నమ్మ ఆఖరి రోజుల్లో టేప్ రికార్డరు ముందు పెట్టి పాడమంటే రెండు చరణాలు పాడి ఆగిపోయింది. “రోకలి లేకుండా ఊపిరి ఎక్కడ తియ్యాల్నే?” అంది.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి మొదట్లో నగరం ఖాళీ అయింది. ఓడల్లో చోటు దొరికినవాళ్లు కొందరే. నాలుగైదు లక్షల మంది భారతీయులు బయల్దేరారని అంచనా, చాలామంది కాలినడకనే. మణిపూర్ వైపు ఒక దారి. ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరం పట్టుకుని అక్యాబ్, అక్కణ్ణుంచి చిట్టగాంగ్ ఇంకో దారి. దొరలకి ఒక దారి, నల్లవాళ్లకి ఒక దారి అని అప్పుడే పేరొచ్చింది. కలరాతో, ఆకలితో దారిలో రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. కచ్చితంగా ఎంతమందో లెక్కపెట్టిన ప్రభుత్వం లేదు. అక్యాబ్ పేరు గుర్తుపెట్టుకోండి. ఈనాటి సిత్వే అదే. అరకాన్ అంటే రోహింగ్యాలు మా నేల అని పాడుకునే చోటు. మన ముసలివాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటిన నేలా అదే.

అలా వచ్చినవాళ్లని తెలుగులో ‘కాందిశీకులు’ అన్నారు. సంస్కృతంలోంచి వచ్చిన మాట. “కాం దిశం”, ఏ దిక్కుకి పోను, అని అడిగేవాడు కాందిశీకుడు. శరణార్థి అన్న మాటలో చెయ్యి చాచడం ఉంది, ఇచ్చేవాడి గొప్ప ఉంది. కాందిశీకుడన్న మాటలో దిక్కు తోచని ప్రశ్న ఒక్కటే ఉంది. పాతబడిందని పత్రికలు ఈ మాటని వదిలేశాయి గానీ నాకు ఇదే నచ్చుతుంది.

రెండో రాక 1964లో మొదలైంది. 1962 మార్చిలో జనరల్ నెవిన్ అధికారం లాక్కున్నాడు. దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాడు. 1964 మేలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నాడు. తరాలుగా అక్కడే ఉన్న తెలుగు, తమిళ కుటుంబాలు కట్టుబట్టలతో మద్రాసు, విశాఖ రేవుల్లో దిగాయి. నగలూ డబ్బూ తెచ్చుకోవడానికి ఆంక్షలు. లక్షమందికి పైగా అలా వచ్చారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు వెలిసింది. క్యాంపు పోయి వాడ అయింది, పేరు మాత్రం ఇప్పటికీ బర్మా క్యాంపే.

1942లో వచ్చినవాళ్లకీ వీళ్లకీ తేడా ఉంది. వీళ్లలో ఆడవాళ్లు చాలామంది, అందులో ఎక్కువమంది బర్మాలోనే పుట్టినవాళ్లు. వాళ్ల గొంతులో రెండు భాషలున్నాయి. అమ్మ నేర్పిన తెలుగు నలుగు పాట, పక్కింటి బర్మా అమ్మాయి నేర్పిన ఆట పాట. పన్నెండేళ్ల వయసులో ఓడ దిగిన ఒకావిడ నాకు వరసకి పిన్ని. ఆవిడ తన బాల్యం గురించి గంటలు గంటలు చెబుతుంది. పాట పాడమంటే మాత్రం తలుపు వైపు చూస్తుంది. “బర్మావోళ్లు అని ఎక్కిరించేవోరమ్మా బళ్లో. నోరు మూసుకోడం అలవాటైపోనాది” అంటుంది. వదిలెయ్యాల్సిన సొమ్ములు అక్కడి ప్రభుత్వం తీసుకుంది, సరే. పాటని వదిలెయ్యమన్నది ఇక్కడి మనమే. మాట తీరులో యాస వినబడకూడదు, కట్టు వేరుగా ఉండకూడదు, పెళ్లి కావలసిన పిల్ల ‘అక్కడి’ పాట పాడకూడదు. ముందుగా నోరు మూసుకోవలసివచ్చింది ఆడపిల్లలే. మగవాళ్లు టీ కొట్టు దగ్గర బర్మా కబుర్లు చెప్పుకుంటే ఎవరూ ఏమీ అనలేదు.

దీనికి పక్కన మా మందస పాట ఇంకోటుంది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు. అడవి కట్టె మీద హక్కుకోసం నిలబడ్డ రైతుల్ని పట్టుకుపోతుంటే అడ్డుపడిన సాసుమాన గున్నమ్మ చనిపోయింది. అప్పుడామె గర్భవతి. వీరగున్నమ్మ మీద పాటలు కట్టారు, స్తూపం కట్టారు. తర్వాత బొడ్డపాడులో సుబ్బారావు పాణిగ్రాహి జముకులకథ చెప్పాడు. 1969 డిసెంబరులో ఆయన్నీ పంచాది నిర్మలనీ చంపేశాక కూడా ఆ పాటలు ఊళ్లు తిరిగాయి. వాటిని మోసుకెళ్లే సంఘాలు, దళాలు, ఏటా వచ్చే వర్ధంతులు ఉన్నాయి కాబట్టి అవి బతికాయి. అదే నేలమీద, దాదాపు అదే కాలంలో, బర్మానుంచి నడిచొచ్చిన ఆడవాళ్ల పాటకి జెండా లేదు, తేదీ లేదు. పోరాడి చచ్చినామె వీరవనిత అయింది. నడిచి బతికినామె పాటకి ఏ సంఘమూ చెవి పెట్టలేదు. ఇది ఎవర్నో తప్పుపట్టడానికి చెప్పడంలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని ఆడవాళ్ల మాటలు మొదటిసారి వాళ్ల పేర్లతో చదివి నిద్రపట్టలేదు నాకు. అలాంటి పని బర్మా క్యాంపులోనూ ఉద్దానం ఊళ్లలోనూ జరగాల్సింది. అప్పటికి 1942లో నడిచొచ్చినవాళ్లు చాలామంది బతికే ఉన్నారు.

ఇప్పుడు బాలాపూర్.

రోహింగ్యాల కథ నలుగురికీ తెలిసిందే. 1978లో రెండు లక్షలమంది బంగ్లాదేశ్‌కి పారిపోయారు. 1982 పౌరసత్వ చట్టం వాళ్లని సొంత దేశంలో పరాయివాళ్లని చేసింది. 1991-92లో మళ్లీ, 2012లో మళ్లీ. 2017 ఆగస్టు 25 తర్వాత కొద్ది నెలల్లో ఏడు లక్షలమంది నాఫ్ నది దాటి కాక్స్ బజార్ చేరారు. హైదరాబాదుకి వచ్చినవాళ్లు కొన్నివేలమంది, చాలామంది 2012 తర్వాత వచ్చినవాళ్లు.

వాళ్ల పాటల్లో తరానాలని ఒక రకం. అరకాన్ మీద బెంగ, పారిపోయిన దారి, చచ్చిపోయిన తల్లి. మాండలిన్, హార్మోనియం, తాళాలతో ఎక్కువగా మగవాళ్లు పాడతారు. హౌలా ఇంకో రకం. పెళ్లిళ్లలో ఆడవాళ్లు కూర్చుని పాడేది. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు, అప్పటికప్పుడు కల్పించి పాడతారు. మన అప్పగింతల పాటకీ, వియ్యపురాలిని ఆటపట్టించే పాటకీ చుట్టం అనిపించింది నాకు. వాళ్ల భాషకి సొంత లిపి 1980లలో మహమ్మద్ హనీఫ్ తయారుచేశాడు. 2018లో అది కంప్యూటర్ల యూనికోడ్‌లో చేరింది. అంతవరకూ, నిజానికి ఇప్పటికీ, పుస్తకం పని చేసింది పాటే.

2022లో కాక్స్ బజార్ శిబిరాల్లో రోహింగ్యా సాంస్కృతిక జ్ఞాపక కేంద్రం అని అంతర్జాతీయ వలసల సంస్థ ఒకటి కట్టింది. వెదురుతో కట్టిన చక్కటి ఇల్లు. కుట్టుపని, పడవల బొమ్మలు, పాటలు అన్నీ వాళ్లచేతే చేయించి అక్కడ దాచుతున్నారు. దాచడం మంచిదే. అయితే పాట అక్కణ్ణుంచి బాలాపూర్‌కీ, మలేషియాకీ వెళ్లేది ఫోన్లలోనే. 2019 సెప్టెంబరు నుంచి ఏడాదిపాటు బంగ్లాదేశ్ ప్రభుత్వం శిబిరాల్లో మొబైల్ ఇంటర్నెట్ తీసేసింది. భద్రత కోసమట. తల్లి పాడి పంపే పాట కూతురికి చేరకపోతే ఎవరి భద్రత పెరుగుతుందో నాకు అర్థం కాదు. ఇక పాటే తప్పనే మతపెద్దల ఒత్తిడి శిబిరాల్లో వేరే ఉంది. అది ఎక్కువగా ఎవరి మీద పడుతుందో చెప్పక్కర్లేదు.

రెండేళ్ల క్రితం అక్కడ పిల్లలకి చదువు చెప్పే ఒక స్నేహితురాలితో బాలాపూర్ వెళ్లాను. చెత్త ఏరి బతికే ఒక చిన్నమ్మాయి, ఇరవై రెండేళ్లుంటాయేమో, తన ఫోనులో కాక్స్ బజార్ నుంచి అమ్మ పంపిన పాట వినిపించింది. భాష తెలీదు నాకు. మధ్యలో కుక్క అరుపు, ఎవరో గిన్నె కిందపెట్టిన చప్పుడు. పాట అయ్యాక ఆ అమ్మాయి ఉర్దూలో చెప్పింది, నాకు పంపిస్తాను గానీ ఎక్కడా పెట్టొద్దని. పేరు రాయొద్దని. గొంతు విన్నా గుర్తుపడతారని.

అప్పట్నుంచీ నేను ఆలోచిస్తున్నది దీని గురించే. జానపద గేయాల సంకలనాల్లో పాట కింద ‘సేకరణ ఫలానావారు’ అని ఉండి పాడినామె పేరు లేకపోతే మనం ఎన్నిసార్లు కోప్పడ్డాం! 2020లో వచ్చిన ‘పలాస 1978’ సినిమాతో మా వైపు ‘నక్కిలీసు గొలుసు’ పాట లోకమంతా మారుమోగితే, జీడిపిక్కలు కొడుతూ, నాట్లేస్తూ అలాంటి పాటల్ని నోళ్లలో నానబెట్టి నిలబెట్టిన ఆడవాళ్ల ఊసెవరు ఎత్తారని నేనూ గొణిగాను. పేరు ఉండాలి అన్నది మన పోరాటం. ఈ అమ్మాయికి పేరు లేకపోవడమే రక్షణ. ఆమె పౌరురాలు కాదు. రేపు పోలీసులు పట్టుకెళితే వెనక్కి పంపేస్తారన్న భయంతో పడుకుని లేస్తుంది. పాటని పదిమందికీ పంచడం మంచిదే అనే మన తేలిక నమ్మకం ఆమె గుమ్మం దగ్గర ఆగిపోతుంది. పాట ఎవరికి వినబడాలో, ఎవరికి వినబడకూడదో చెప్పే హక్కు పాడినామెదే. రికార్డు చేసే యంత్రం మన చేతిలో ఉన్నంతమాత్రాన అది మనది కాదు.

అందుకని ఇప్పుడు నేను చేస్తున్న పని చిన్నది. పలాసలో జీడిపప్పు పనిచేసే కొందరు ఆడవాళ్లతో వారానికొక మధ్యాహ్నం కూర్చుంటున్నాను. 2018లో తిత్లీ తుపాను జీడితోటల్నీ కొబ్బరినీ పడగొట్టాక వాళ్ల ఇళ్లలోంచి మగవాళ్లు మళ్లీ వలస వెళ్లారు. ఇప్పుడు రంగం లేదు, చెన్నై, ముంబై, గల్ఫ్ ఉన్నాయి. వాళ్లలో ఇద్దరి అత్తలకి రంగం పాటలు తెలుసు. పిక్కల మీద చెయ్యి ఆడుతుంటే పాట వస్తుంది, ఆపి పాడమంటే రాదు. అందుకే ఆపమనడంలేదు. జీడిపిక్క పగిలే చప్పుడుతో సహా రికార్డు చేస్తున్నాను. కంచరపాలెం పిన్ని మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్లాను. మొదట కూర్చుని విన్నది. తర్వాత ఒక బర్మా పాట, నాలుగు ముక్కలే, మనవరాలికి చెబుతున్నట్టు గొణిగింది. పక్కనున్నామె “ఏటమ్మా అది, మళ్లీ అను” అంది. మళ్లీ అంది.

నోటు పుస్తకంలో నాలుగు గళ్లు గీశాను. పాట, ఎక్కడ నేర్చుకున్నది, ఎవరి దగ్గర, పాడినవారు. నాలుగో గడి నేను నింపను. పుస్తకం వాళ్ల చేతికిస్తాను. కొందరు ఇంటిపేరుతో సహా రాయించారు. ఒకామె తన పేరు వద్దని వాళ్లమ్మ పేరు రాయించింది. పిన్ని ఇంకా ఏమీ రాయలేదు. ఆలోచించి చెబుతానంది.